తినబెట్టుడు వేరు, తినే చోటు ఇడిసిపెట్టుడు వేరు: కోతుల బోర్డు వెనక చరిత్ర



ఈ పోస్టు కొంచెం పొడుగైంది. హాస్టల్ రూంలో నలుగురం కూసొని మాట్లాడుకున్నదే రాసినం, అందుకే "మేం" అనే రాస్తున్నం. మేం నల్లమల మీదోళ్లం, అమ్రాబాద్, పదర దిక్కు. చెంచులమున్నం, లంబాడోళ్లమున్నం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. తప్పులుంటే కింద సరిచేయండి.

పోయిన ఎండాకాలం మా హాస్టల్ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించిండ్రు. "ఆవరణలో కోతులకు ఆహారం వేయరాదు. వేసిన విద్యార్థులకు జరిమానా." అంతే రెండు లైన్లు. దానికి ముందు జరిగిన సంగతి ఏందంటే, ఇంటర్ ఫస్టియర్ తమ్ముడొకడు ప్లేటులో ఉప్మా పెట్టుకొని మెట్లెక్కుతుంటే ఒక గండుకోతి మీదికి దుంకింది. వాడు ప్లేటు ఇడవలేదు. మోచేతి మీద కరిచింది. దవాఖానకు తీస్కపోతే రేబిస్ సూదులు రాసిండ్రు, తారీకులేసి ఒక చీటీ ఇచ్చిండ్రు. వాపస్ వచ్చినంక వాణ్ణి అడిగిన మొదటి మాట, "నొప్పి ఎట్లుంది?" అని కాదు. "నువ్వే పెట్టి అలవాటు చేసి ఉంటవ్" అని. ఇంకొకరు నవ్వుకుంట, "అడివోళ్లు గదా, కోతులతోటి దోస్తానా ఉంటది" అన్నరు.

వాడు ఏం మాట్లాడలే. ఆ రాత్రి అన్నం తినలే.

మేం వంటింటి ఎనకకు పోయి చూసినం. మిగిలిన అన్నం, సాంబారు, కూరగాయల తొక్కలు పోసే ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. మూత లేదు. పొద్దుగాల ఆరున్నరకు గోడ మీద ముప్పై కోతుల దాక లైనుగట్టి కూసున్నయి, క్యాంటీన్ తెరిచే టైము తెలిసిన పిల్లల లెక్క.

అప్పటినుంచి మాకు ఒకటే సందేహం. కోతులకు తిండి పెట్టొద్దన్న రూల్ మంచిదే, దాంట్ల అనుమానం లేదు. కాని ఆ రూల్ ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఎవరి మీద పెట్టాలె, ఎవరి మీద పెడుతున్నరు? లైబ్రరీల, ఫోన్ల దొరికిందంతా చదివినం. ఇంటికాడ పెద్దలను అడిగినం.

రోడ్డు రాకముందు

మా పెంటల్లో ముసలోళ్లను "మీ చిన్నతనంల కోతులు ఇండ్లల్లకు వచ్చేటివా?" అని అడిగితే ముందుగాల నవ్విండ్రు. కోతికి ఇల్లెందుకు అన్నరు. తునికి, మొర్రి, నేరేడు, మేడి, జువ్వి, పరికి, ఎలక్కాయ, చింత, ఇప్పపువ్వు... ఒకటి అయిపోంగనే ఇంకోటి కాసేది. మనిషి తినేది, కోతి తినేది, ఎలుగు తినేది చాలావరకు ఒకటే చెట్లు. ఎవరి వంతు వాళ్లు తిని పోయేటోళ్లు.

మా తాతల పద్ధతి ఒకటి మీలో చాలామందికి తెలిసే ఉంటది. గడ్డలు తవ్వినప్పుడు గడ్డ తీసుకొని తీగ మొదలును మళ్ల మట్టిలో కప్పి వస్తరు. తేనె పట్టు తీస్తే మొత్తం ఊడ్చుకరారు. ఇది జంతువుకు దానం చేసుడు కాదు. రేపు మళ్ల రావాలె, మనం రాకపోయినా ఇంకోటేదో వచ్చి తినాలె. చేతితోటి తినబెట్టరు, తినే చోటు మాత్రం ఇడిసిపెడతరు. మేం ఈ పోస్టులో చెప్పదలుచుకున్నదంతా ఆ తేడా గురించే.

రోడ్డు వచ్చినంక

అమ్రాబాద్ గుట్టల చరిత్ర మనవాళ్లు రాసుకోలేదు, వేరేవాళ్లు రాసిండ్రు. ఫరహాబాద్ నిజాం వేటకు వచ్చే జాగ. 1940లో హైమన్‌డార్ఫ్ వచ్చి చెంచుల మధ్య ఉండి పరిశోధన చేశాడు. ఆయన పుస్తకం 1943లో వచ్చింది. ఆయన చెప్పినదాన్ని బట్టి 1942లో నిజాం ప్రభుత్వం చెంచుల కోసం ఒక రిజర్వును ఏర్పాటు చేసింది. అంటే ఎనభై ఏండ్ల కిందనే, ఈ మనుషులు బతకాలంటే తినే చోటు ఉండాలె అన్న సంగతి కాగితం మీదికి ఎక్కింది. ఎంతకాలం నిలబడ్డదనేది వేరే కథ.

తర్వాత కృష్ణ మీద శ్రీశైలం ప్రాజెక్టు వచ్చింది. 1960లలో పని మొదలై 1980లలో పూర్తయింది. ప్రాజెక్టుతో పాటు రోడ్లు, క్వార్టర్లు, బస్సులు, హోటళ్లు వచ్చినయి. శ్రీశైలం మల్లన్నను మా చెంచులు అల్లుడని పిలుసుకుంటరు, చెంచు మల్లయ్య అంటరు. అల్లుని గుడికి ఎప్పటినుంచో జనం నడిచొస్తనే ఉన్నరు. నడిచొచ్చేటోళ్ల చేతిలో మూట ఉండేది, ఆ మూట వాళ్లకే సరిపోయేది. రోడ్డు పడ్డంక కార్లు, బస్సులు వచ్చినయి. అరటిపండ్ల గెలలు, బిస్కెట్ ప్యాకెట్లు, చిప్స్ వచ్చినయి.

1978లో ఈ అడవిని అభయారణ్యం చేశారు. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయినంక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాక ఆ రోడ్డు మూసేస్తరు, జంతువులు తిరగాలని. మంచిదే. కాని పొద్దంతా ఏం జరుగుతదో మన్ననూరు దాటి పోయినోళ్లందరికి తెలుసు. బండి కొంచెం మెల్లగయితే చాలు, కోతులు రోడ్డు మీదికొస్తయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. రాయాల్నా వద్దా అని చానసేపు అనుకున్నం. మేం చిన్నగున్నప్పుడు రోడ్డు పక్కన నిలబడేది. కారు ఆగేది, అద్దం దిగేది. ఒక చెయ్యి కోతుల దిక్కు అరటిపండు ఇసిరేది. ఇంకో చెయ్యి మా దిక్కు బిస్కెట్ ప్యాకెట్ ఇసిరేది. లోపలినుంచి ఫోన్ పట్టుకొని ఫొటో తీసేటోళ్లు, అదే ఫొటోల కోతులు, అదే ఫొటోల మేము. వాళ్లు చెడ్డోళ్లు కాదు. శనివారం ఆంజనేయస్వామి పేరు మీద పెట్టేటోళ్లున్నరు, మొక్కు తీర్చుకునేటోళ్లున్నరు. వాళ్ల మనసుల దయనే ఉంది. మేం కూడా ఉరికి పోయి ఏరుకున్నం, సంబురపడ్డం. ఇప్పుడు యాదికొస్తే తల వంగుతది. ఎందుకు వంగుతదో కోతుల చరిత్ర చదివినంకనే మాకు సమజైంది.

తిండి పెడితే ఏమైతది?

కోతికి అడవిలో రోజంతా పనే. ఎక్కడ పండింది, ఎక్కడ చిగురేసింది, ఏ పురుగు దొరుకుతది అని తిరుగుతనే ఉంటది. ఆ తిరుగుడులోనే గింజలు అడవంతా పడతయి, కొత్త చెట్లు మొలుస్తయి. రోడ్డు మీద అరగంటల కడుపు నిండితే ఆ తిరుగుడు ఆగిపోతది. కోతి రోడ్డు పక్కనే ఉంటది, గింజ కూడా రోడ్డు పక్కనే పడతది.

రెండోది, చక్కెర, పిండి, నూనె తిండి బాగా దొరికితే పిల్లలు ఎక్కువ పుడతయి, ఎక్కువ బతుకుతయి. మంద పెరుగుతది. అడవి మోయగలిగినదానికన్న మంద పెద్దదయితే, తిండి పెట్టే చెయ్యి లేని రోజు ఆ మంద ఎక్కడికి పోవాలె? పక్కనున్న మక్కచేనుకు, పల్లిచేనుకు, పెంకుటింటి మీదికి, హాస్టల్ వంటింటికి.

మూడోది, భయం పోతది. మొదటి ఏడు చేతిల పెడితే తీసుకుంటది. మూడో ఏడు చేతిల నుంచి గుంజుకుంటది. ఇయ్యకపోతే కరుస్తది. కరిచిన కోతి చెడ్డదని పట్టుకపోతరు. పెట్టిన చెయ్యి మాత్రం ఎప్పుడో హైదరాబాద్ చేరుకుంటది.

దీనికి లెక్క దొరికిన చోటు జపాన్. అక్కడ ఓయితా దగ్గర తకసకియామ అనే గుట్ట ఉంది. గుట్ట మీద కోతులు పొలాలు పాడుచేస్తున్నయని, వాటిని ఒక్కకాడికి తెస్తే పొలాలూ బాగుపడతయి, టూరిస్టులూ వస్తరని 1950ల మొదట్లో రోజూ తిండి పెట్టుడు షురూ చేసిండ్రు. అప్పుడున్నవి రెండు వందల పైచిలుకు. 1970ల చివరికి రెండు వేలు దాటినయి. తర్వాత వాళ్లే తిండి తగ్గించుకుంట రావాల్సి వచ్చింది. కోతులు చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు.

ఎలుగుబంట్ల క్యాంటీన్

ఇప్పుడు ఇంకా దూరం పోదాం, ఎందుకంటే "అడవి జంతువుకు తిండి పెట్టొద్దు" అన్న రూల్ బాగా పాతగా, బాగా వివరంగా దొరికింది అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో. మన టైగర్ రిజర్వులు, నేషనల్ పార్కులు అన్నిటికి ఆ పార్కు పెద్దన్న లాంటిది. 1872లో ఏర్పడింది, ప్రపంచంలో మొట్టమొదటి నేషనల్ పార్కు అని పరీక్షలల్ల రాస్తం గదా, అదే.

పరీక్షలల్ల రాయనిది ఏందంటే, ఆ గుట్టల్లో అప్పటికే మనుషులున్నరు. షోషోన్ ఆదివాసుల్లో టుకుడికా అనేవాళ్లు, కొండగొర్రెలను వేటాడి బతికేటోళ్లు. పార్కు పెట్టిన కొన్నేండ్లకే వాళ్లను బయట రిజర్వేషన్లకు పంపేసిండ్రు. పైగా, "ఇక్కడ వేడినీళ్ల బుగ్గలున్నయి గదా, ఆదివాసులు వాటికి భయపడి ఇటు దిక్కే రారు" అని ఒక కథ పుట్టించి ప్రచారం చేసిండ్రు. వేల ఏండ్లు అక్కడ్నే తిరిగిన మనుషులు అక్కడ లేనే లేరన్నట్టు.

మనుషులు పోయినంక ఆ అడవికి హోటళ్లు వచ్చినయి. హోటళ్లు మిగిలిన తిండిని గుంతల్లో పోసేవి. ఎలుగుబంట్లు వచ్చి తినేవి. టూరిస్టులు చూడటానికి ఎగబడుతుంటే కూర్చునేందుకు బెంచీలు కట్టించారు. సాయంత్రం కాంగనే జనం బెంచీల మీద, ఎలుగుబంట్లు చెత్త మీద, తుపాకి పట్టుకొని కాపలా మనిషి పక్కన. రోడ్డు మీద కార్ల కిటికీల దగ్గర ఎలుగులు చేతులు చాపేవి.

విచిత్రం ఏందంటే, ఎలుగులకు చేతితో తిండి పెట్టొద్దని 1902లోనే రూల్ వచ్చింది. రూల్ ఉంది, బెంచీలూ ఉన్నయి. 1931 నుంచి 1969 వరకు లెక్క తీస్తే ఏడాదికి సగటున 48 మంది ఎలుగుల వల్ల గాయపడ్డారు. చివరికి 1970లో మిగిలిన చెత్తగుంతలను కూడా మూసేశారు, ఎలుగులు తెరవలేని డబ్బాలు పెట్టారు, రూల్‌ను గట్టిగా అమలు చేశారు. తర్వాతి దశాబ్దాల్లో గాయాలు ఏడాదికి ఒకటి, రెండుకు పడిపోయినయి. కాని ఆ మార్పు ధర ఎలుగులే కట్టినయి. చెత్త తిని పెరిగినవి క్యాంపుల్లోకి వచ్చేవి, అట్ల వచ్చినవాటిని చాలావాటిని చంపేశారు. 1975కల్లా అక్కడి గ్రిజ్లీ ఎలుగును ప్రమాదంలో ఉన్న జంతువుల జాబితాలో చేర్చాల్సి వచ్చింది.

లెక్క చూడండి. బోర్డు 1902లో, గుంత మూసింది 1970లో. మధ్యల 68 ఏండ్లు. ఆ 68 ఏండ్లు రూల్ టూరిస్టు చేతి మీద ఉంది, హోటల్ చెత్త మీద లేదు. ఇది చదివినంక మాకు మా వంటింటి ఎనక డ్రమ్ము యాదికొచ్చింది.

మన దగ్గర ఎట్లుంది?

మన దేశంలో పెద్ద చట్టం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. అందులో "వేట" అన్న మాటకు ఇచ్చిన అర్థంలో ఎర వేసుడు కూడా ఉంది. అభయారణ్యంలో జంతువులను ఏడిపించొద్దు, చెత్త వేయొద్దు అని 27వ సెక్షన్ చెప్తది. అంటే కారులోంచి చిప్స్ ప్యాకెట్ ఇసిరేసుడు ఊరికే "పాపం కోతులు" అన్న సంగతి కాదు, చట్టం పట్టించుకునే సంగతే. అభయారణ్యం బయట, ఊర్లల్ల, కాలనీల్లో, హాస్టళ్లల్ల మాత్రం ఎక్కడికక్కడ మున్సిపాలిటీలు, గుడి బోర్డులు, కాలేజీలు సొంతంగా రూళ్లు పెట్టుకుంటున్నయి.

ఈ రూళ్లు ఎప్పుడు గట్టిపడతయంటే, ఏదన్న ఘోరం జరిగినంక. తిరుమల కొండ సంగతి మీరంతా విన్నదే. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్న పిల్లవాణ్ణి ఎత్తుకపోయింది, ఎట్లనో బతికిండు. ఆగస్టులో ఆరేండ్ల పాపను చంపేసింది. ఆ తర్వాతే నడకదారిలో జంతువులకు తిండి పెట్టొద్దని, దుకాణాలవాళ్లు తిండి వ్యర్థాలు బయట పడేయొద్దని టీటీడీ కట్టడి చేసింది. మధ్యాహ్నం తర్వాత చిన్నపిల్లలను ఆ దారిలో పోనియ్యలేదు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. చిరుతకు అరటిపండ్లతో పనేముంది అని అనుకోవచ్చు. పనుంది. తిండి, చెత్త ఉన్నకాడికి కోతులు, కుక్కలు, పందులు వస్తయి. అవి ఉన్నకాడికి చిరుత వస్తది.

మన తెలంగాణ సంగతికొస్తే, 2015లో హరితహారం మొదలుపెట్టినప్పుడు ఊరూరా వినబడ్డ మాట యాదికుందా? "వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె." మాకు ఆ మాట ఇప్పటికీ నచ్చుతది, ఎందుకంటే కోతి తప్పు చేసిందని అనలేదు, వాపస్ పోవటానికి దానికొక ఇల్లు ఉండాలె అన్నది. తర్వాత ఊర్ల దగ్గర పండ్ల చెట్లతో "మంకీ ఫుడ్ కోర్టులు" అన్నరు. 2020 డిసెంబర్‌లో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల సంరక్షణ కేంద్రం తెరిచి, పట్టుకొచ్చిన కోతులకు పిల్లలు పుట్టకుండ ఆపరేషన్లు చేసి ఇడిసిపెట్టే పని పెట్టుకున్నరు.

కాని అదే హరితహారం మొక్కలు చాలాచోట్ల మనోళ్ల పోడు భూముల్లో నాటిండ్రు. ఎన్ని గొడవలైనయో ఈ గ్రూపులోని ఆదిలాబాద్, ఖమ్మం దిక్కు అన్నలకు మేం చెప్పక్కర్లేదు. అంతకుముందు చూస్తే, 1975లో పుట్టిన అటవీ అభివృద్ధి సంస్థ వరుసలు వరుసలు జామాయిల్ పెట్టింది. జామాయిల్ తోటల నిలబడి తల పైకెత్తి చూడండి. కోతి తినేది ఒక్క పండు కనబడదు. మనం తినేది కూడా కనబడదు. రోడ్లు ఎడల్పు చేసినప్పుడు ముందు పోయేవి పాత చింతచెట్లు, మర్రిచెట్లే. అవే కోతుల ఇండ్లు. ఇల్లు కొట్టేసి, ఇంటికి పొమ్మని తరిమితే ఏడికి పోతది?

పట్టుకపోయి ఇడిసిపెట్టినా అదే కథ. ఢిల్లీలో 2007లో హైకోర్టు ఆదేశాల మీద నగరంలోని కోతులను పట్టి అసోలా భట్టి అడవిలో ఇడిసిపెట్టిండ్రు. అక్కడ వాటికి సరిపోయే పండ్ల చెట్లు లేవు గనక ప్రభుత్వమే పండ్లు, కూరగాయలు కొని పోయాల్సి వస్తున్నది. చోటు మారింది, తినబెట్టుడు మారలేదు.

మనకూ దీనికీ సంబంధం

ఇక్కడికి వచ్చేసరికి మాలో ఒకామె అన్నది, "ఇదంతా కోతుల గురించే రాస్తున్నమా, మన గురించా?" అని. జవాబు చెప్పుడు తేలిక కాదు. మనుషులను కోతులతో పోల్చే మాట మేం ఎన్నడూ ఒప్పుకోం, హాస్టల్‌లో మా తమ్ముణ్ణి అన్నది అదే కాబట్టి కోపమొచ్చింది. పోలిక మనతోటి, కోతులతోటి కాదు. రెండు దిక్కులా తిండి ఇసిరే ఆ చేతితోటి.

యెల్లోస్టోన్‌లో మనుషులను బయటికి పంపి ఎలుగులకు బెంచీల ముందు తిండి పెట్టిండ్రు. మా గుట్టల మీద, పెంట బయటికి వస్తే కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ అంటరు. వద్దనుకునేటోళ్లున్నరు, పోదామనుకునేటోళ్లున్నరు, పిల్లల చదువు, దవాఖాన దూరం చూసి పోతమంటే వాళ్లను తప్పు పట్టలేం. రేషన్ బియ్యం సంగతి కూడా సాఫ్‌గా చెప్తున్నం: అది దానం కాదు, మన హక్కు, ఒక్క కిలో కూడా తగ్గనియ్యొద్దు. కాని బియ్యం ఇచ్చినం గదా, ఇంక అడవిలకు ఎందుకు పోతరు అని అడిగితే మాత్రం, అది కారు అద్దం దించి ఇసిరే బిస్కెట్ ప్యాకెట్ లెక్కనే అయితది. ఇచ్చిన చేతికి దయ ఉండొచ్చు. తీసుకున్నోడు రేపు కూడా అక్కడ్నే నిలబడాలె.

రూల్ మనం పెట్టొచ్చు

ఇప్పుడు అసలు పనికొచ్చే ముచ్చట. 2006 అటవీ హక్కుల చట్టం అంటే చాలామందికి పట్టాలే యాదికొస్తయి. ఆ చట్టంలో 5వ సెక్షన్ ఒకసారి చదవండి. హక్కుదారులకు, గ్రామసభకు వన్యప్రాణులను, అడవిని, జీవవైవిధ్యాన్ని కాపాడే అధికారం ఉందని రాసి ఉంది. మన్ననూరు, అమ్రాబాద్, పదర, అప్పాపూర్ లాంటి ఊర్లు షెడ్యూల్డ్ ఏరియాల ఉన్నయి, అక్కడ 1996 పెసా చట్టం కూడా వర్తిస్తది. అంటే "ఇక్కడ జంతువులకు తిండి పెట్టొద్దు" అన్న బోర్డు ఫారెస్టోళ్లే పెట్టాలని లేదు. గ్రామసభ కూసొని తీర్మానం చేయొచ్చు.

చేస్తే ఎట్ల చేయాలె? మాకు తోచినవి ఇవి, మీరు కలపండి.

మొదటిది, రూల్ చెత్తతో మొదలు కావాలె. హోటల్, గుడి సత్రం, హాస్టల్, చికెన్ సెంటర్, ఎవరి మిగులు తిండి అయినా మూతపెట్టిన డ్రమ్ములోనో గుంతలోనో పోవాలె. ఇది లేకుండ పిల్లగాళ్లకు ఫైన్ వేసుడు 1902 బోర్డు లెక్కనే అయితది.

రెండోది, వచ్చిపోయేటోళ్లకు మనమే చెప్పాలె. కొట్లాడి కాదు. మల్లన్న దగ్గరికి పోయే భక్తునికి, "అన్నా, కోతికి పెట్టాలని నీకు మనసుంది, మంచిదే. ఆ పైసలతోటి ఒక మేడి మొక్క, ఒక నేరేడు మొక్క నాటిపో, పదేండ్లు తింటది" అని చెప్తే వినేటోళ్లు చానమంది ఉన్నరు. ఆ మొక్కలు పెంచే పని మన పెంటల పిల్లలకే కూలి మీద ఇయ్యాలని అడగాలె.

మూడోది, చేను పాడైనోని నష్టం రాయాలె. కోతులకు పెట్టొద్దని చెప్పిన మరుసటి నెలలో ఆకలి మీదున్న మంద ముందుగాల పడేది అడవి అంచున ఉన్న పేదోని పల్లిచేను మీదనే. రూల్ ఖర్చు అతనొక్కడే మోయొద్దు.

నాలుగోది, కరిచినోణ్ణి ముందు దవాఖానకు తీస్కపోవాలె. ప్రశ్నలు తర్వాత.

హాస్టల్ సంగతి చెప్పి ముగిస్తం. మేం పన్నెండుమందిమి సంతకాలు పెట్టి ఒక అర్జీ ఇచ్చినం. డ్రమ్ముకు మూత కావాలె, తిండి వ్యర్థాలకు గుంత తవ్వాలె అని రాసినం. గుంత మేమే తవ్వుతమని కూడా రాసినం. మొదలు ఎవరు పట్టించుకోలే. రెండోసారి ఇచ్చినంక మూతున్న డ్రమ్ములు రెండు వచ్చినయి. గుంత ఒక ఆదివారం మేమే తవ్వినం. కోతులు ఒక్కసారిగా పోలేదు. మొదటి పది రోజులు ఇంకా గట్టిగ గోల చేసినయి, కిటికీలు గుంజినయి. నెల దాటినంక పొద్దుగాల గోడ మీద ఏడెనిమిది కనబడుతున్నయి. మిగిలినవి ఎటు పోయినయో మాకు చింత ఉంది, ఎందుకంటే చుట్టుపక్కల పండ్ల చెట్లు లేవు. ఈ వానలకు ప్రహరీ ఎనక మేడి, నేరేడు నాటినం. అవి కాసేసరికి మేం ఈ హాస్టల్‌ల ఉండం.

నోటీసు బోర్డు మీద పాత కాగితం అట్లనే ఉంది. దాని కింద ఎవరో పెన్నుతో ఒక లైను కలిపిండ్రు: "డ్రమ్ము మూత తీసి పెట్టరాదు, పెట్టిన వారెవరైనా జరిమానా." చేతిరాత మేం గుర్తుపట్టినం. సూదులు పొడిపించుకున్న తమ్ముడిదే. ఎవరూ దాన్ని చింపలేదు.

మీ గూడేల, మీ తండాల, మీ పెంటల దారిలో పదేండ్ల కింద ఏ పండ్ల చెట్లుండేవి, ఇప్పుడేమున్నయి? ఇంటికాడ పెద్దలను అడిగి కింద రాయండి. పేర్లు రాస్తే చాలు, ఏ చెట్టు ఏ నెలల కాస్తదో కూడా తెలిస్తే ఇంకా మంచిది. అవన్నీ కలిపి ఒక జాబితా చేస్తం, వచ్చే గ్రామసభలో మొక్కలు అడిగేటప్పుడు మన చేతిల ఉండాలె.

జోహార్.